స్కిల్ మ్యాట్రిక్స్‌లో అందరికీ లెవెల్ 3, 4 ఉన్నాయి, ఆడిటర్ ఒప్పుకోలేదు. అసలు లెవెల్ ఎలా తేల్చాలి?

క్యూఏ_జీడిమెట్ల:

అందరికీ నమస్కారం. సీఎన్‌సీ టర్నింగ్ షాప్ (కంప్యూటర్‌తో నడిచే లేత్‌లు). 14 మెషీన్లు, 3 షిఫ్టులు, 46 మంది ఆపరేటర్లు, అందులో దాదాపు సగం మంది కాంట్రాక్ట్. ముఖ్యమైన జాబ్ ఒక షాఫ్ట్. బేరింగ్ కూర్చునే చోట డయా 25 h7 (చిన్న హెచ్, షాఫ్ట్ టాలరెన్స్), అంటే 24.979 నుంచి 25.000 మి.మీ. మధ్య రావాలి.

గోడ మీద స్కిల్ మ్యాట్రిక్స్ ఉంది. అడ్డంగా మెషీన్ల పేర్లు, నిలువుగా మనుషుల పేర్లు, గడిలో నాలుగు పావుల గుండ్రం (ఎన్ని పావులు నింపితే అంత లెవెల్). కస్టమర్ ఆడిటర్ ఒక పేరు మీద వేలు పెట్టి "ఈయన గుండ్రంలో మూడు పావులు నింపారు, ఏం చూసి నింపారు?" అని అడిగాడు. ట్రైనింగ్ హాజరు షీటు చూపించాం. అది క్లాసులో కూర్చున్నాడని చెబుతుంది గానీ పని వచ్చని చెప్పదు కదా అన్నాడు. 7.2 క్లాజు కింద ఎన్‌సీ (నాన్ కన్ఫార్మిటీ, ప్రమాణానికి తగ్గట్టు లేదన్న లోపం) రాశాడు.

నా ప్రశ్నలు: లెవెల్‌ను ఎలా నిర్వచించాలి? పరీక్ష ఎలా పెట్టాలి, ఎవరు పెట్టాలి? తక్కువ ఉన్నవాళ్లను పైకి తేవడానికి క్లాసులు కాక ఇంకేం చేయాలి? ఫార్మాట్లు నెట్‌లో బోలెడు దొరుకుతున్నాయి, నాకు కావలసింది అవి కాదు. గడి నింపే ముందు ఏం జరగాలో చెప్పండి.


గేజ్‌రూమ్:

ఆడిటర్ అన్నది సబబే. ఐఎస్‌ఓ 9001:2015లో 7.2 అడిగేవి నాలుగు: ఏ పనికి ఏ సామర్థ్యం కావాలో తేల్చుకోవాలి, మనిషికి అది ఉందని నిర్ధారించుకోవాలి, లేకపోతే వచ్చేలా ఏదైనా చేయాలి, చేసింది పనిచేసిందో లేదో చూడాలి. వీటికి రికార్డు ఉంచాలి. హాజరు షీటు మూడో దానికి మాత్రమే, అదీ సగమే, సరిపోతుంది.

మీ మ్యాట్రిక్స్‌లో మొదటి తప్పు అడ్డ వరుసలో ఉంది. మెషీన్ పేరు నైపుణ్యం కాదు. "టర్నింగ్ సెంటర్ 6 వచ్చు" అంటే ఏం వచ్చినట్టు? జాబ్ లోడ్ చేయడమా, సైజు సరిదిద్దడమా, ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే కోసే బిళ్ల) మార్చడమా, జాస్ (జాబ్‌ను పట్టుకునే దవడలు) బోర్ చేయడమా? ఒకే మనిషికి మొదటిది కళ్లు మూసుకుని చేసేంత వచ్చు, చివరిది అసలు రాకపోవచ్చు. గుండ్రం ఒకటే అయితే అది సగటు చూపిస్తుంది. సగటుతో షాఫ్ట్ తయారు కాదు. కాబట్టి పనులుగా విడగొట్టండి. టర్నింగ్‌కు సాధారణంగా 8, 9 పనులు వస్తాయి: లోడింగ్, కొలవడం, వేర్ ఆఫ్‌సెట్ (టూల్ అరుగుదలకు మెషీన్లో కొట్టే దిద్దుబాటు) ఇవ్వడం, ఇన్సర్ట్ మార్చడం, జాస్ మార్చి బోర్ చేయడం, ప్రోగ్రాం పిలిచి ఫస్ట్ పీస్ తీయడం, అలారం వస్తే ఏం చేయాలి, చెక్ షీట్ నింపడం, షిఫ్ట్ అప్పగింత.

తర్వాత లెవెల్ మాటలు. "బాగా తెలుసు", "కొంత తెలుసు" లాంటివి తీసేయండి. కంటితో చూసి అవును, కాదు అనగలిగే మాటలే ఉండాలి. 1 అంటే పక్కన మనిషి లేకుండా మెషీన్ ముట్టుకోకూడదు. 2 అంటే చేస్తాడు, కానీ అతను చేసిన ప్రతి జాబ్ ఇంకొకరు కొలవాలి. 3 అంటే సైకిల్ టైమ్‌లో ఒంటరిగా చేస్తాడు, తేడా వస్తే తనే ఆపి పిలుస్తాడు. 4 దగ్గర చాలా షాపులు పొరబడతాయి. "ఇతరులకు నేర్పగలడు" అని రాస్తారు, పాతవాళ్లందరికీ ఇచ్చేస్తారు. నేర్పడం వేరే విద్య, దానికి వేరే గడి పెట్టండి. 4ను "అసాధారణ పరిస్థితి చక్కబెట్టగలడు" అని ఉంచుకోండి.

ఇప్పుడు ఒక పనికి పరీక్ష ఎలా ఉండాలో చూపిస్తాను. వేర్ ఆఫ్‌సెట్ తీసుకుందాం, టర్నింగ్‌లో స్క్రాప్ పుట్టే చోటు అదే.

సెట్టర్ ముందుగా ఆ టూల్ వేర్ పేజీలో ఎక్స్ విలువ -0.085 ఉండేలా చూస్తాడు. కస్టమర్ జాబ్ మీద కాదు, అదే స్టీల్ కడ్డీ ముక్క మీద. తీసిన ముక్క 25.012 వచ్చిందనుకుందాం. ఆపరేటర్‌కు ఇచ్చి "24.990కి తే" అనాలి, అంతే. ఇంకేం చెప్పకూడదు. అతను సైకిల్ స్టార్ట్ నొక్కే ముందు సెట్టర్ స్క్రీన్ చూడాలి, తప్పు విలువతో మెషీన్ నడవనివ్వకూడదు.

సరైన జవాబు: -0.022 కలపాలి. కొత్త విలువ -0.107 అవ్వాలి. ఫానుక్ కంట్రోల్ మీద ప్లస్ ఇన్‌పుట్ నొక్కితే కలుస్తుంది, ఉత్త ఇన్‌పుట్ నొక్కితే పాతది చెరిగిపోయి -0.022 మాత్రమే మిగులుతుంది. అప్పుడు జాబ్ 25.075 వస్తుంది. గుర్తు మరిచిపోతే 25.034. ఈ రెండూ ఓవర్‌సైజే కాబట్టి రీవర్క్‌తో బయటపడతాం. ఒక సున్నా మింగేసి -0.22 కొడితే 24.792, నేరుగా స్క్రాప్ బిన్. అన్నిటికంటే ప్రమాదం వేరే ఉంది: టూల్ 3 బదులు టూల్ 5 వరుసలో కొట్టడం. అప్పుడు ఈ డయా మారదు, వేరే ఏదో కొలత మారుతుంది. ఆపరేటర్ ఈ డయానే మళ్లీ మళ్లీ కొలుస్తుంటాడు, చెడిన కొలత కస్టమర్ దగ్గర తేలుతుంది. మార్కుల షీట్‌లో ఈ నాలుగు తప్పులనూ విడివిడిగా రాయండి. ఏ తప్పు చేశాడన్నది తెలిస్తేనే ఏం నేర్పాలో తెలుస్తుంది.

కొలిచే పద్ధతి కూడా ఇందులోనే చూడాలి. మెషీన్లోంచి తీసిన వెంటనే కొలిచాడా? ముక్క మైక్రోమీటర్ కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే 25 మి.మీ. స్టీల్ దాదాపు 0.006 ఎక్కువ చూపిస్తుంది. మీ టాలరెన్స్ మొత్తం 0.021, అందులో పావు వంతు పైనే అక్కడే పోయింది. మే నెలలో షెడ్డు 40 డిగ్రీలున్నా ఫరవాలేదు, ముక్కా మైక్రోమీటరూ ఒకే వేడిలో ఉంటే చాలు, రెండూ స్టీలే కాబట్టి. జీరో చూశాడా, రాట్చెట్ వాడాడా, ముక్కను తిప్పి రెండో దిక్కున కొలిచాడా, ఇవన్నీ చూడండి. ఇంకొకటి, పరీక్షకు 0.01 లీస్ట్ కౌంట్ మైక్రోమీటర్ ఇవ్వకండి. టాలరెన్స్‌లో పదో వంతు చదవగలగాలి, అంటే మీకు 0.001 డిజిటల్ కావాలి. లేదంటే మీరు కొలిచేది మనిషిని కాదు, పరికరం లోపాన్ని.


పీపీఎం_వేటగాడు:

గేజ్‌రూమ్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆఫ్‌సెట్ ఇవ్వడం ఎంత ముఖ్యమో, ఇవ్వకుండా ఊరుకోవడం అంత ముఖ్యం. చాలా మంది ప్రతి జాబ్ కొలిచి ప్రతిసారీ ఒక మైక్రాన్, రెండు మైక్రాన్లు దిద్దుతుంటారు, శ్రద్ధగా పనిచేస్తున్నామనుకుంటారు. స్థిరంగా నడుస్తున్న ప్రాసెస్‌ను తేడా వచ్చినప్పుడల్లా అంతకంత దిద్దితే స్ప్రెడ్ దాదాపు 1.4 రెట్లు పెరుగుతుంది, తగ్గదు.

దీనికి మెషీన్ అక్కర్లేదు, ఒక కార్డు చాలు. వరుసగా 5 రీడింగులు రాసి "దిద్దుతావా, వదిలేస్తావా?" అని అడగండి. 24.991, 24.988, 24.992, 24.989, 24.990 అయితే వదిలేయాలి. 24.986, 24.989, 24.992, 24.995, 24.997 అయితే దిద్దాలి, ఇన్సర్ట్ అరుగుతోంది, డయా పైకి పాకుతోంది. ఇలాంటి కార్డులు 10 చేయండి. రెండు కార్డుల్లో ఒక్క రీడింగ్ మాత్రం ఎగిరిపడేలా పెట్టండి, 25.006 లాంటిది. దానికి సరైన జవాబు దిద్దడం కాదు, తుడిచి మళ్లీ కొలవడం. లెవెల్ 2కి, 3కి అసలు తేడా ఈ కార్డుల్లోనే బయటపడుతుంది.

ఇక విజువల్ చెకింగ్ గురించి. గీత, దెబ్బ, బర్ (అంచున మిగిలే ముల్లు) చూసే పనికి కూడా మీరు పావులు నింపే ఉంటారు. దానికి ఆట్రిబ్యూట్ స్టడీ ఉంది: మామూలుగా 50 ముక్కలు, ముగ్గురు, మూడేసి సార్లు, మొత్తం 450 నిర్ణయాలు. ముక్కలకు వెనక నంబర్లు, ప్రతిసారీ వరుస మార్చాలి. ఎన్ని చెడ్డవి కలిపారన్నదే కీలకం. 50లో రెండే చెడ్డవి పెడితే, కళ్లు మూసుకుని అన్నీ ఓకే అన్నవాడికి 96 శాతం వస్తుంది. అందుకే కప్పా లెక్క (గుడ్డిగా కలిసిపోయే జవాబులు తీసేసి చూసే ఏకీభావం) చూస్తారు, ఇతనికి కప్పా సున్నా వస్తుంది. 0.75 దాటితే మంచి ఏకీభావం, 0.40 లోపు అయితే బాగోలేదు అని ఎంఎస్ఏ (కొలిచే పద్ధతినే పరీక్షించే విధానం) మాన్యువల్ చెబుతుంది. చెడ్డవాటిని మూడో వంతు దాకా పెట్టండి, అందులో సగం సరిహద్దు మీద ఉన్నవి కావాలి. పెద్ద గాటు ఎవరైనా పట్టుకుంటారు.

రెండు రకాల తప్పులను కలిపి లెక్కేయకండి. చెడ్డదాన్ని వదిలేయడం వేరు, మంచిదాన్ని పారేయడం వేరు. మాన్యువల్ హద్దులు మొదటిదానికి 2 శాతం, రెండోదానికి 5 శాతం. కానీ ఒక మనిషిని తేల్చడానికి 10 చెడ్డ ముక్కలు మూడు సార్లు చూపిస్తే అది 30 నిర్ణయాలు, ఒక్కటి వదిలేసినా 3.3 శాతం. అంత చిన్న పరీక్షలో 2 శాతం కొలవలేం. అందుకని నియమం సూటిగా పెట్టండి: చెడ్డది ఒక్కటి కూడా వదలకూడదు. పరీక్ష కూడా పగలు మీటింగ్ రూమ్‌లో కాదు, రాత్రి షిఫ్ట్ టేబుల్ దగ్గర, అక్కడి లైటు కిందే పెట్టండి.

లెక్కలు చూస్తున్నాం కాబట్టి ఇదీ చెప్పుకోవాలి. "20 జాబ్‌లు తప్పు లేకుండా చేశాడు, లెవెల్ 3" అని చాలా చోట్ల రాస్తారు. 20కి సున్నా తప్పులంటే అతని అసలు తప్పుల రేటు 14 శాతం దాకా ఉండొచ్చు, 95 శాతం నమ్మకంతో అంతకుమించి చెప్పలేం. సులువు లెక్క: 3ని ముక్కల సంఖ్యతో భాగించండి. 300 జాబ్‌లు శుభ్రంగా వస్తేనే 1 శాతం లోపు అనగలం. అంటే చిన్న పరీక్ష గేటు లాంటిది మాత్రమే. నిజం తేల్చేది తర్వాతి నెల అతని పేరు మీద వచ్చే రీవర్క్, రిజెక్షన్ లెక్క.


క్యూఏ_జీడిమెట్ల:

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు ఇబ్బందులున్నాయి. 46 మంది, 9 పనులు, 414 గడులు. ఒక్కో గడికి 40 నిమిషాలు వేసుకున్నా 276 గంటలు. ఎన్‌సీకి జవాబు 60 రోజుల్లో ఇవ్వాలి, ప్రొడక్షన్ వాళ్లు మనుషులను వదలరు. రెండోది, పదిహేనేళ్ల నుంచి చేస్తున్నవాళ్లు "మాకు పరీక్షేంటి" అంటారు. వాళ్లను నొప్పించి షాప్ నడపలేం.


సెకండ్‌షిఫ్ట్:

414 గడులు ఎందుకు నింపుతరు అన్నా? అందరికి అన్నీ రావాలని ఎవరన్నరు? ఖాళీ గడి తప్పు కాదు, అబద్ధం గడి తప్పు. ముందు ఏ పనికి ఎంతమంది కావాల్నో రాసుకోన్రి. ఒక పనికి షిఫ్టుకు ఒక్కడు అంటే మూడు షిఫ్టులకు ముగ్గురు. లీవులు, జ్వరాలు కలిపితే ఐదుగురు లెవెల్ 3 ఉండాలె. జాస్ బోర్ చేసుడు అందరికి అక్కర్లేదు, ఐదారుగురికి వస్తే సాలు. ఆఫ్‌సెట్ మాత్రం 46 మందికి రావాలె. కాబట్టి ముందు గా పరీక్షనే పెట్టున్రి. 20 నిమిషాలు వేసుకుంటే 15 గంటల 20 నిమిషాలు. రోజుకు ఇద్దరు, ఇన్సర్ట్ మార్చే టైమ్‌ల, నాలుగు వారాలల్ల అయిపోతది. తర్వాత రిజెక్షన్ లెక్కల ఏది ఎక్కువుంటే గా పని పట్టుకోన్రి.

ఐదుగురు అన్నగదా, గా ఐదుగురు ఏ ఊరోళ్లో కూడ చూడాలె. ఇది ఏ ఫార్మాట్‌ల ఉండదు. సంక్రాంతికి ఆంధ్ర పిల్లలు నాలుగైదు రోజులు పోతరు. బతుకమ్మ, దసరాకు ఇక్కడోళ్లు. ఛఠ్‌కు, హోలీకి బీహారోళ్లు పోతే పది రోజులు రారు. ఒక పనికి ఉన్న ఐదుగురు ఒకే దిక్కోళ్లైతే కాగితం మీద ఐదుగురు, పండుగనాడు సున్నా. మ్యాట్రిక్స్ ముందర పెట్టుకొని క్యాలెండర్ తిప్పుతే ఎవలకు ఏం నేర్పాల్నో తెలిసిపోతది.

పాతోళ్ల సంగతి. పరీక్ష అని పేరు పెట్టకున్రి, మెషీన్ మీద చూపియ్యుమనున్రి. ముందు ఆళ్లతోనే షీట్ తయారు చేపియ్యున్రి, "కొత్త పిల్లగాడు ఏడ తప్పు చేస్తడన్నా?" అని అడుగున్రి. గేజ్‌రూమ్ సార్ నాలుగు తప్పులు చెప్పిండు, ఆళ్లు ఆరు చెప్తరు. షీట్ ఆళ్లదే అయినంక మొదలు ఆళ్లు చేసి చూపిస్తరు, మాట రాదు. కాగితం పరీక్ష అస్సలు వద్దు. ఒడిశా, బీహార్ పిల్లలకు తెలుగు పేపర్ ఇస్తే చదువు వచ్చా రాదా అన్నది తెలుస్తది, టర్నింగ్ వచ్చా రాదా తెల్వది. నోటితోని అడుగున్రి, చేతితోని చేపియ్యున్రి.

ఎవలు చూడాలె అన్నరు. సొంత షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ వద్దు. ఆయనకు రేపు మెషీన్ నడవాలె, అందరిని పాస్ చేస్తడు. వేరే షిఫ్ట్ సెట్టర్ ఒకడు, క్వాలిటీ నుంచి ఒకడు. ఇద్దరి సంతకం.

90 రోజులు ఒక పని ముట్టకపోతే గా గడిని 2కు దించున్రి. మళ్ల ఒకసారి చూపిస్తే 3. ఎవలు ఏ పని చేసిన్రో షిఫ్ట్ రిజిస్టర్‌ల ఉంటది కదా, నెలకొకసారి చూసుకుంటే సాలు.


ఐఆర్_డెస్క్:

ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. కాంట్రాక్ట్ వాళ్ల పేర్లు ఆ మ్యాట్రిక్స్‌లో ఉన్నాయా? చాలా షాపుల్లో రోల్స్ మీద ఉన్నవాళ్లే ఉంటారు, రాత్రి షిఫ్ట్ నడిపేది మాత్రం వేరేవాళ్లు. మీరు ఐఏటీఎఫ్ 16949 (వాహన పరిశ్రమ క్వాలిటీ ప్రమాణం) కింద ఉంటే 7.2.2 సూటిగా చెబుతుంది: కొత్త పని ఇచ్చినా, ఉన్న పని మారినా ఆన్ ద జాబ్ ట్రైనింగ్ ఉండాలి, కాంట్రాక్ట్, ఏజెన్సీ మనుషులకు కూడా. వాళ్ల పని తప్పితే కస్టమర్‌కు ఏమవుతుందో కూడా చెప్పాలి. ఈసారి ఆడిటర్ అటు వెళ్లలేదంటే మీ అదృష్టం, ఫాలోఅప్‌లో వెళ్తాడు.

ఐటీఐ సర్టిఫికెట్ చూసి నేరుగా లెవెల్ 2 ఇవ్వడం కూడా ఆపండి. టర్నర్ ట్రేడ్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ఆ రెండేళ్లలో ఎక్కువ చేయి తిరిగేది మామూలు లేత్ మీద. సర్టిఫికెట్ ఉంటే లెవెల్ 1 నుంచి వేగంగా ఎదుగుతాడు, అంతవరకే. జాస్ బోరింగ్, ప్రోగ్రాం లాంటివి షాప్‌లో నేర్పే తీరిక లేకపోతే బాలానగర్‌లో సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది. మీ వాళ్లకు బస్సు దూరమే. షార్ట్ కోర్సులు అడిగి చూడండి. కోర్సు నుంచి వచ్చాక కూడా మళ్లీ మెషీన్ మీద చూపించాకే గడి.

జీతంతో ముడిపెట్టాలా అని రేపు మేనేజ్‌మెంట్ అడుగుతుంది. నా మాట: మొదటి ఆరు నెలలు ముడిపెట్టకండి. ముడిపెట్టిన రోజు నుంచి గుండ్రాలు వాటంతటవే నిండుతాయి. ఇంకో కోణం కూడా ఉంది. కనీస వేతనాల్లో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని వర్గాలున్నాయి. గోడ మీద లెవెల్ 4 అని రాసి, రిజిస్టర్‌లో సెమీ స్కిల్డ్ వేతనం ఇస్తే, రేపు వివాదంలో మీ మ్యాట్రిక్స్‌నే అవతలివాళ్లు సాక్ష్యంగా తెస్తారు. తప్పు వాళ్లది కాదు.


సెకండ్‌షిఫ్ట్:

ఐఆర్ సార్, ఆరు నెలలు పైసలు ఇయ్యకుంటే ఎవడు నేర్చుకుంటడు? జాస్ బోర్ వచ్చినోడికి పని ఎక్కువ, రాత్రి ఫోన్ చేసేది గూడ ఆనికే. రానోడు హాయిగ ఉంటడు. గందుకే తెలివైనోడు నాకు రాదంటడు. గడులు పెరుగుడు మీద కాకుండ, మూడు నెలలకోసారి మళ్ల చూపించి నిలబెట్టుకున్న గడుల మీద అలవెన్స్ ఇయ్యున్రి. చూసేటోడు వేరే షిఫ్టోడు అయితే ఉత్తగ నిండవు.


ఐఆర్_డెస్క్:

నిలబెట్టుకున్న గడుల మీద అయితే ఒప్పుకుంటాను. కానీ ఆ చూసేవాళ్లకు అలవెన్స్ ఆ గడుల సంఖ్య మీద ఉండకూడదు.


నేర్పరి:

కొలవడం గురించే అందరూ మాట్లాడారు, మూడో ప్రశ్న మిగిలింది: పైకి తేవడం ఎలా. క్లాస్‌రూమ్‌లో స్లైడ్లు చూపించి, అదే సాయంత్రం "ట్రైనింగ్ ఎఫెక్టివ్‌నెస్: గుడ్" అని రాసే ఫారం ఎక్కడైనా ఒకటే. కిర్క్‌ప్యాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నాడా, పనిలో చేస్తున్నాడా, ఫలితం మారిందా. మన ఫారం మొదటి మెట్టు దాటదు. పేజీ మార్చనక్కర్లేదు, తేదీ మార్చండి: 30వ రోజున మెషీన్ దగ్గర అతన్ని గమనించి నింపండి.

నేర్పే పద్ధతికి పాతదే అయినా ఇంతకంటే పనికొచ్చేది లేదు, జాబ్ ఇన్‌స్ట్రక్షన్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో కొత్తవాళ్లను ఫ్యాక్టరీల్లోకి వేగంగా తేవడానికి తయారుచేశారు, తర్వాత జపాన్ అందుకుంది. నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చేయడం, చేసి చూపించడం, అతనితో చేయించడం, తర్వాత వదలకుండా చూసుకోవడం. దీనికంటే ముందు ఒక కాగితం రాయాలి. మూడు నిలువు వరుసలు: ఏం చేయాలి, అందులో కిటుకు ఏమిటి, ఎందుకు. మూడో వరుస రాయనివాళ్లే ఎక్కువ. రెండు వారాలకు మనిషి కిటుకు మానేసేది కూడా అందుకే.

ఇన్సర్ట్ మార్చడం తీసుకోండి, సీఎన్‌ఎంజీ 120408. నాలుగు మూలలు వాడుకోవచ్చు, కాబట్టి షిఫ్టులో ఈ పని ఎన్నోసార్లు వస్తుంది.

స్క్రూ వదులు చేసి తీయాలి. కిటుకు: కింద చెయ్యి పెట్టడం. ఎందుకంటే స్క్రూ చిప్ కన్వేయర్‌లో పడితే అరగంట పోతుంది.

కూర్చునే గుంత శుభ్రం చేయాలి. కిటుకు: బ్రష్‌తో తుడిచి, వేలితో తడిమి చూడడం. ఎందుకంటే వెంట్రుకంత చిప్ ఉన్నా ఇన్సర్ట్ సరిగా కూర్చోదు, సైజు జాబ్‌కో రకంగా వస్తుంది, మూల విరుగుతుంది.

కొత్త మూల పెట్టి బిగించాలి. కిటుకు: వెనక రెండు గోడలకూ వేలితో నొక్కి పట్టుకునే బిగించడం, ఇచ్చిన కీతోనే బిగించడం. కీకి పైపు తగిలించి బిగిస్తే స్క్రూ తల పోతుంది, తర్వాతిసారి ఊడదు.

వేర్ ఆఫ్‌సెట్ మార్చాలి. ఇదే ప్రాణం. పాత మూల అరిగినకొద్దీ -0.085 దాకా దిద్దుకుంటూ వచ్చాం. కొత్త మూల అరగలేదు. ఆ -0.085 అలాగే ఉంచి స్టార్ట్ నొక్కితే మొదటి జాబ్ అంత మేరా అండర్‌సైజ్, స్క్రాప్. కాబట్టి ఎక్స్ విలువను +0.100 చేసి, జాబ్ తీసి, చల్లారనిచ్చి, కొలిచి, అప్పుడు దిద్దాలి. మొదటి జాబ్ కావాలనే ఓవర్‌సైజ్ వస్తుంది, రెండో కట్‌తో సైజుకు వస్తుంది. ఇక్కడ "ఎందుకు" చెప్పకపోతే ఆ రెండో కట్‌కు రెండు నిమిషాలు ఎందుకు దండగ అని మానేస్తారు.

చేయించే మెట్టులో నాలుగు సార్లు చేయించండి. మొదటిసారి నోరు విప్పకుండా చేస్తాడు, తప్పు చేయబోతే అక్కడే ఆపాలి. రెండోసారి ఏం చేస్తున్నాడో చెబుతూ, మూడోసారి కిటుకులు చెబుతూ, నాలుగోసారి ఎందుకో చెబుతూ. చేతికి వచ్చి నోటికి రానివాడు చాలాసార్లు లెవెల్ 3కి పనికొస్తాడు, నేర్పే గడికి పనికిరాడు. గేజ్‌రూమ్ గారు ఆ గడి వేరుగా ఉంచమన్నది సరైన మాట. నేర్పేవాడి పరీక్ష కూడా ఇలాగే ఉంటుంది: ఈ కాగితం అతనితో రాయించండి, ఒక ట్రైనీకి నేర్పించండి, మార్కులు ట్రైనీకి వచ్చినవి వేయండి.


క్యూఏ_జీడిమెట్ల:

చాలా స్పష్టత వచ్చింది. ఆఫ్‌సెట్ పరీక్షకు షీట్ రాశాను, చూసి చెప్పండి.

1. మైక్రోమీటర్ జీరో చూశాడు: 10
2. ముక్క చల్లారనిచ్చి రెండు దిక్కుల కొలిచాడు: 15
3. సరైన టూల్, సరైన ఆఫ్‌సెట్ వరుస: 15
4. విలువ, గుర్తు, ప్లస్ ఇన్‌పుట్: 20
5. నొక్కాక స్క్రీన్ మీద కొత్త విలువ చదివి చెప్పాడు: 10
6. ముక్క 24.990కి 0.003 అటూ ఇటూ వచ్చింది: 15
7. చెక్ షీట్‌లో రాశాడు: 5
8. క్రమశిక్షణ, పని పట్ల వైఖరి: 10

100కి 70 వస్తే లెవెల్ 3. 50 నుంచి 69 అయితే లెవెల్ 2.


గేజ్‌రూమ్:

8 తీసేయండి. 20 నిమిషాల్లో వైఖరి కనిపించదు. అక్కడ పడేది చూసేవాడి ఇష్టం. నిజంగా కావాలంటే కనిపించే పనిగా మార్చండి: "తేడా వస్తే జాబ్ పక్కన పెట్టి ఎర్ర ట్యాగ్ కట్టాడా."

అంతకంటే పెద్ద లోపం మొత్తం మార్కుల్లో ఉంది. వేరే ఆఫ్‌సెట్ వరుసలో కొట్టినవాడికి 3లో 15 పోతాయి. ముక్క సైజు మారదు కాబట్టి 6లో ఇంకో 15 పోతాయి. మిగతావన్నీ బాగా చేస్తే 70 వచ్చింది, మీ షీట్ ప్రకారం లెవెల్ 3. కొలత మార్చేసిన సంగతి తెలియని మనిషి చేతిలో రాత్రి షిఫ్ట్ పెట్టినట్టు. మార్కులు ఎత్తేయండి. 3, 4, 6 తప్పనిసరి, ఒక్కటి పోయినా ఆ రోజుకు అయిపోయింది, నేర్పరి గారి కాగితంతో మళ్లీ నేర్పి వారం తర్వాత పిలవండి. 1, 2, 5, 7లో తప్పితే అక్కడే చెప్పి, అదే రోజు ఇంకో ముక్క మీద మళ్లీ చేయించండి. రెండు వేర్వేరు రోజులు పాసైతేనే పావు నింపండి, ఆ రెండు తేదీలు గడిలోనే రాయండి. ఆడిటర్ వేలు పెట్టినప్పుడు తీసి చూపించాల్సింది ఆ తేదీల షీట్లే.